భయపెట్టి ఓట్లు అడగడం ఆపండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కనున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మాకు రెండూ సొంతమే. మొన్నొక మీటింగ్‌లో ఒకాయన ముందు రోడ్లు, ధరలు అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు, ఇక గొంతు పెంచి బయటోళ్ళొచ్చి మీ ఉద్యోగాలు, మీ భూములు లాగేసుకుంటారు, నేనొక్కణ్ణే ఆపగలను అనేసరికి జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. నా పక్కనున్న కూరగాయలమ్మే పెద్దావిడ పాపం కొంగు గట్టిగా పట్టుకుని "మనల్నేనా బాబూ అనేది?" అని అడిగింది. ఏం చెప్పను నేను? 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా పర్లాకిమిడి జమీందారీ ఎస్టేట్‌నే రెండు ముక్కలు చేసి కొంత ఇటు, కొంత మద్రాసు వైపు ఉంచారు, ఇక్కడ బయటోళ్ళెవరండీ!

అన్నిచోట్లా ఇదే పద్ధతి. 2016 జూన్‌లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా బయటికి రావాలా అని బ్రిటన్‌లో జరిగిన రెఫరెండానికి వారం ముందు, బయటికి రావాలన్న నాయకుడు నైజెల్ ఫరాజ్ శరణార్థుల పొడవాటి లైను ఫొటోతో పోస్టర్ విడుదల చేశాడు, ఆ ఫొటో బ్రిటన్‌ది కానే కాదు, 2015లో స్లొవేనియా బోర్డర్ దగ్గర తీసింది. లెక్క చెప్పరు, బొమ్మ చూపిస్తారు, "వాళ్ళు" అంటారు గానీ ఎవరో చెప్పరు, అప్పుడు ఎవరికి నచ్చనోళ్ళని వాళ్ళు ఊహించేసుకుంటారు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మీ పేపర్లో ఇలాంటి స్పీచ్ వేసినప్పుడు అసలు లెక్కలు కూడా పక్కనే వెయ్యండి, దయచేసి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గజపతి జిల్లా