శ్రీనూకి, లిజ్జత్ అప్పడాల కబుర్లు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. పచ్చళ్ల వ్యాపారం ఊపందుకుందంటే కడుపు నిండినట్టయింది. కానీ 'కంపెనీ విలువలు' రాసిపెట్టడానికి ఎవరో కన్సల్టెంటుకి లక్షలు పోస్తున్నావని చదివి నవ్వాగలేదురా. నిజాయితీ, నాణ్యత, కస్టమరే దేవుడు... ఇవి కిరాణా కొట్టు క్యాలెండర్ మీద కూడా ఉంటాయి కదా! ఆ డబ్బుతో ఓసారి ముంబై రా, గిర్‌గావ్ చూపిస్తాను.

లిజ్జత్ అప్పడాలు పుట్టింది అక్కడే. 1959 మార్చి 15న 7 గురు గుజరాతీ ఆడవాళ్లు మేడమీద చేరి ఒత్తడం మొదలుపెట్టారు. పెట్టుబడి 80 రూపాయల అప్పు, మొదటిరోజు సరుకు 4 ప్యాకెట్లు. వాళ్లలో జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడది ఆడవాళ్ల సహకార సంస్థ, సభ్యులు 40,000 పైమాటే.

మొదట్లో రెండు రకాలు చేసేవాళ్లట, కాస్త నాసిది తక్కువ ధరకి. అప్పిచ్చిన ఛగన్‌లాల్ పారేఖ్ ఒప్పుకోలేదు. చేస్తే ఒకటే రకం, అదీ మంచిదే చెయ్యమన్నాడు. నువ్వు వేద్దామనుకుంటున్న ఆ 'ఎకానమీ ప్యాక్' గుర్తొచ్చిందా? అందులో ఏ నూనె పోస్తావో నాకు తెలుసులే.

ఇంకోటి విను. తొలి వానాకాలంలో అప్పడం ఎండక 4 నెలలు పని మూసేశారు. ముంబై వానంటే నీకు తెలీదు, ఇంట్లో ఆరేసిన తువ్వాలు కూడా ముక్కవాసన వస్తుంది. మరుసటేడు ఓ మంచం, ఓ స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద స్టవ్! సగం ఎండినవి అమ్మేసి చేతులు దులుపుకోవచ్చు కదా, ఆ పని చెయ్యలేదు.

నాకు బాగా నచ్చింది వాళ్ల రోజువారీ పద్ధతి. పిండిని సంస్థ శాఖలోనే కలుపుతారు, మినుములూ ఇంగువా మిరియాలూ సంస్థే కొంటుంది. సభ్యులు పొద్దున్నే ముద్ద పట్టుకెళ్లి, ఇంట్లో ఒత్తి ఆరబెట్టి, మర్నాడు తూకం వేయించి డబ్బు తీసుకుంటారు. ఇల్లు శుభ్రంగా ఉందో లేదో చెప్పాపెట్టకుండా వచ్చి చూస్తారు కూడా. లాభమొచ్చినా నష్టమొచ్చినా అందరిదీ. విరాళం ఇస్తామన్నా పుచ్చుకోరు. సభ్యులంతా ఆడవాళ్లే, ఒకరినొకరు 'బెన్' (గుజరాతీలో అక్కచెల్లెలు) అనే పిలుచుకుంటారు. అధ్యక్షురాలు కూడా ఆ సభ్యుల్లోంచే వస్తుంది. పిండి గట్టిపడితే చేతికేమవుతుందో ఆవిడకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాగని వాళ్లని నెత్తిన పెట్టుకోమనడం లేదు. నేలమీద కూర్చుని ఒత్తీ ఒత్తీ నడుములు పట్టేసే పని అది, ఆ కష్టానికి గిట్టుబాటు సరిపోతుందా అని నాకూ అనుమానమే. పేరు మాత్రం ఊరికే నిలబడలేదు.

సరే, నీ సంగతికి వద్దాం. నీ దగ్గర మామిడికాయలు కొట్టే ఆడవాళ్లున్నారు కదా. "ముక్క ఇంకా తడిగా ఉంది, ఇప్పుడు కలపొద్దు" అని వాళ్లలో ఒకావిడ అంటే నీ సూపర్‌వైజర్ ఆగుతాడా? లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నా ఆగుతాడా? నువ్వు ఆగుతావా? దీనికి జవాబు రాయి, కన్సల్టెంటు సంగతి తర్వాత చూద్దాం. వాళ్ల డబ్బులు ఏ వారానికావారం ఇస్తున్నావో, నెలాఖరు దాకా నానుస్తున్నావో అదీ రాయి. పాపం, ఆ పెద్దావిడ పోయినసారి నాతో ఏదో చెప్పబోయి నిన్ను చూసి ఊరుకుంది.

దసరాకి వస్తున్నాం. మీ చెల్లెలు గోంగూర రెండు సీసాలు పక్కన పెట్టమంది. పిన్నిగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నీ
రవి