ఆ ‘అంగీకరిస్తున్నాను’ పెద్దావిడది కాదు, నాది: కేంద్ర ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారాలు.

ఫోన్లలో, యాప్‌లలో మా సొంత సమాచారాన్ని కాపాడాలని చేసిన డేటా రక్షణ చట్టం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఇది నా మూడో ఉత్తరం. 2025లో ముసాయిదా నిబంధనల మీద అభిప్రాయాలు చెప్పమన్నప్పుడు ఒకసారి రాశాను. జవాబు లేదు. తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డొక్కటి తిరిగొచ్చింది, స్టాంపు కూడా సరిగ్గా పడలేదు. అందుకే ఈసారి నలుగురి ముందూ పెడుతున్నాను.

నాది వినుకొండలో చిన్న సెల్ షాపు. రీఛార్జులు, స్క్రీన్ గార్డులు, సెకండ్ హ్యాండ్ ఫోన్లు. కొత్త ఫోన్ కొన్నవాళ్లకు సెట్ చేసివ్వడం కూడా నా పనే. సెట్ చేయడమంటే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కుకుంటూ పోవడమే.

మొన్న మిరప కోతలకు పోయే పెద్దావిడ ఒకామె ఫోన్ కొనుక్కుంది. మనవడి మొహం కనపడితే చాలంది. మెయిల్ ఖాతాకు ఒక పేజీ, మెసేజీల యాప్‌కు ఒకటి, వీడియోల యాప్‌కు ఇంకొకటి, ఫోన్ కంపెనీవాడి సొంత యాప్‌లకు మరో నాలుగు. లొకేషన్, కాంటాక్టులు, మైకు, ఫొటోలు.

“ఏందయ్యా, అన్నిసార్లు నొక్కుతున్నావు?”

“మీరు ఒప్పుకుంటున్నారని పెద్దమ్మా.”

“దేనికి?”

కొన్ని పేజీలు తెలుగులోనే ఉన్నాయి, అబద్ధమెందుకు. ‘వ్యక్తిగతీకరించిన ప్రకటనల అనుభవం’ అన్నచోట నాకే నాలుక తిరగలేదు. అయిదు నిమిషాలు చదివి వినిపించాను. వేలితో ఎంత తోసినా పేజీ తరగదు. వెనక ఇద్దరు రీఛార్జికి నిలబడి విసుక్కుంటున్నారు. “నీకు తెలిసిందేగా, నొక్కెయ్” అంది. నొక్కేశాను.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. ఫోన్ తెరిస్తే చాలు మోకాళ్ల నూనె ప్రకటనలే. కోడలితో మాట్లాడిన మాటలు ఎవరో విన్నారని ఆమె భయం. తీసి చూస్తే, మోకాళ్ల నొప్పుల వీడియోలు మూడు చూసుంది. ఏం చూశారు, ఎంతసేపు చూశారు, ఏ ఊళ్లో ఉండి చూశారు, అన్నీ రాసుకుంటారు పెద్దమ్మా అన్నాను. “నా మోకాళ్లతో వాళ్లకేం పని?” అంది. దీనికి జవాబు మీరే చెప్పాలి.

సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, స్పష్టంగా ఇవ్వాలని మీ చట్టంలో ఉంది. చాలా బాగుంది. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును రాజ్యాంగంలోని 22 భాషల్లో దేంట్లో కావాలంటే దాంట్లో చూసుకోవచ్చన్నారు. అదీ బాగుంది. కానీ 2023 ఆగస్టులో చట్టం చేసి, నిబంధనలు ఇవ్వడానికి 2025 నవంబర్ దాకా పట్టింది. ఆ ఇచ్చినదాంట్లోనూ కంపెనీలకు ఇంకో పద్దెనిమిది నెలలు గడువు. వేల మంది ఇంజనీర్లున్న కంపెనీలకు పాపం టైము చాలదేమో! ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్ని మార్చి, వ్యక్తిగత సమాచారమైతే అడిగినా ఇవ్వక్కర్లేదని చేసిన సవరణ మాత్రం ఆ నవంబర్‌లోనే అమల్లోకి వచ్చేసింది. దానికి ఒక్క రోజు కూడా ఆగలేదు. మేము అడిగే దారి మూయడానికి తొందర, మమ్మల్ని కాపాడటానికి తీరిక. ఏమనుకోకండి, నాకలాగే అనిపించింది.

ఇంకోటి. చట్టం పూర్తిగా అమలయ్యేలోపు ఇచ్చిన సమ్మతులకు కంపెనీలు తర్వాత నోటీసు పంపితే సరిపోతుందట. మనిషి వద్దనేదాకా ఆ డేటా వాడుకోవచ్చట. అంటే ఇన్నేళ్లుగా నేను నొక్కినవన్నీ చెల్లుతాయి. పెద్దావిడ వద్దని ఎక్కడ చెప్పాలి? ఏ మెనూలో? ఆ నోటీసు వచ్చినా మళ్లీ నా దగ్గరికే తెస్తుంది, “నొక్కెయ్” అంటుంది.

2021లో మన సమాచారం ఫేస్‌బుక్‌తో పంచుకుంటామంటూ వాట్సాప్ కొత్త పాలసీ వచ్చినప్పుడు మా షాపు ముందు ఇదే గోల. ఒప్పుకోకపోతే ఫోన్ ఆగిపోతుందా అని జనం పరిగెత్తుకొచ్చారు. ఒప్పుకో, లేదంటే మానుకో అనే ఆ పద్ధతి తప్పని వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో వాట్సాప్ యజమాని మెటాకు 213 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. మంచిదే. మా ఊళ్లో నొక్కినవాళ్లకు ఏం ఒరిగింది? మీ చట్టంలోనూ అంతే. కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా, డబ్బంతా సర్కారు ఖజానాకి. డేటా పోయినవాడికి పైసా లేదు. పైగా తప్పుడు ఫిర్యాదు ఇస్తే వాడికే పదివేల దాకా జరిమానా. నా షాపుకొచ్చేవాళ్లలో ఎవరు ధైర్యం చేస్తారండీ?

అందుకే మళ్లీ అడుగుతున్నాను. నోటీసు మా మాటల్లో, పది లైన్లలో ఉండాలి. చదవడం రానివాళ్లకు ఫోనే చదివి వినిపించాలి. వద్దు అనే బటన్ అవును పక్కనే, అంతే సైజులో ఉండాలి. గడువు తగ్గించండి. నష్టపోయినవాడికి పరిహారం పెట్టండి. ఇవన్నీ ఒకేసారి కాకపోతే ఆ బటన్ అయినా ముందు పెట్టించండి.

పెద్దావిడ అడిగినదానికి జవాబు పోస్టు కార్డు మీద రాసినా చాలు, షాపు గోడకు అంటిస్తాను. తెలుగులో రాయించండి.

ఇట్లు,
వినుకొండ నుంచి ఒక సెల్ షాపు వాడు