గంటస్తంభం దగ్గరి అన్నగారికి

మా చిట్టికి రెండేళ్లు దాటాయి. ఎలుకలాంటి చిన్న పెంపుడు జీవి హామ్‌స్టర్‌కు అది ముసలితనమే. పోయిన వారం వెనక కాళ్లు పట్టు తప్పి, నీళ్ల సీసా అందక పొట్ట మీద ఈడ్చుకుంటుంటే, విజయనగరం గంటస్తంభం దగ్గర పెంపుడు జంతువుల మేత అమ్మే దుకాణానికి దాన్ని పంజరంతో సహా తీసుకుని పరుగెత్తాను.

అన్నా, మీరు బేరం వదిలేసి నేల మీద కూర్చున్నారు. మెత్తగా ఉంటుందని నేను పరిచిన దూదిని, కాళ్లకు చుట్టుకుంటుందని చెబుతూ పోగు పోగుగా తీసేశారు. టిష్యూ కాగితం చింపి పరిచారు. తడిసి అట్టకట్టిన పొట్ట బొచ్చును గోరువెచ్చని గుడ్డతో తుడిచి, అరచేతిలోనే ఆరబెట్టారు. సీసాను రెండు వేళ్ల ఎత్తుకు దించారు. చిట్టి తాగేదాకా లేవలేదు. డబ్బు ఇవ్వబోతే, "ముందు పశువైద్యుడికి చూపించమ్మా" అన్నారు.

చూపించాను అన్నా. ఈ ఉదయం దోసకాయ ముక్క తింది. మీకు వేవేల దండాలు.