విశాఖ తీరాన్ని చూపించే గైడ్లకు తీరం తెలియాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన మా అక్కగారి కుటుంబాన్ని వెంటబెట్టుకుని, ఒక ప్రైవేటు టూర్ సంస్థ దగ్గర కారు, గైడు కలిపి మాట్లాడుకుని, విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు మొదలు భీమిలి దాకా సముద్రతీరాన్ని ఒక రోజంతా చూసి వచ్చాము. తీర పర్యాటకం అనగానే రోప్‌వేలు, రిసార్టుల ఊసే గాని, వచ్చినవారికి తీరాన్ని వివరించి చెప్పే మనిషి ఊసు వినబడదు. ఆ మనిషి గురించే ఈ ఉత్తరం. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు గనుక సంస్థ పేరు రాయడం లేదు.

నాది విజయనగరం. 30 ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. విశాఖ బీచిరోడ్డు నాకు కొత్త కాదు, భీమిలి అంతకన్నా కాదు. మరి డబ్బిచ్చి గైడును పెట్టుకోవడం దేనికని మా ఇంట్లోనే అడిగారు. రైల్వే ఉద్యోగాల కోసం మూడు తరాల కిందట ఖరగ్‌పూర్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, మా అక్కగారిదీ అలాంటిదే. మనవలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం, రాయడం రాదు. బోర్డుల మీద ఉన్నది చదువుకోలేని పిల్లలకు ఎవరైనా నోటితో చెబితేనే ఊరు తెలుస్తుంది. చెప్పేవాడు తాతయ్య అయితే పిల్లలు వినరు, బయటివాడైతే వింటారు. ఉపాధ్యాయుడిగా నాకు బాగా తెలిసిన సంగతి ఇది. అందుకే ఫోనులో ముందే తెలుగులో చెప్పే గైడు కావాలని రెండుసార్లు అడిగి, సరేనన్నాక 6,500 రూపాయలకు ఒప్పుకున్నాను.

ఉదయం ఏడున్నరకు వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడు, మాట నెమ్మదైనవాడు. అయితే హార్బరు దగ్గర కారు దిగగానే ఇంగ్లీషూ హిందీ కలగలిపి, ఎక్కడా ఆగకుండా, అప్పగించినట్టుగా చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగులో చెప్పమంటే ఒక్క క్షణం తడబడి, మళ్లీ ఆ వాక్యాల్లోకే జారిపోయాడు. మా అక్క మనవరాలు ఎదురుగా సముద్రంలోకి ముక్కు చాచినట్టున్న కొండను చూపించి పేరేమిటని అడిగితే డాల్ఫిన్స్ నోస్ అన్నాడు. అక్కడే కూర్చుని నైలాను వలకు చిరుగులు కుట్టుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తకుండానే, “మాకు అది యారాడ కొండే పాపా, ఏటకెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఒడ్డుకన్నా ముందు అదే కనిపిస్తాది” అన్నాడు. ఆ రోజు మొత్తం మీద పిల్ల నోట్‌బుక్కులో బొమ్మ వేసుకున్న మొదటి సంగతి అదే. మన గైడు చెప్పిన పేరు తప్పు కాదు, పటాల్లో ఉన్న పేరే; కాని చేపల వేటకు వెళ్లేవాడికి ఆ కొండ ఎందుకు గుర్తో చెప్పిన మాట ముందు అది వట్టి పేరుగానే మిగిలింది.

తరువాత ఆర్.కె. బీచిలో కుర్సురా జలాంతర్గామి. అక్కడ చూపించేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారు గనుక మా గైడు బయటే నిలబడ్డాడు. 1969లో సేవలో చేరి, 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగి, 2001లో విరమించుకుని, మరుసటి ఏడాది మ్యూజియంగా మారిన ఆ నౌక లోపల, 91 మీటర్ల పొడవున్న ఇనుప గొట్టంలో 75 మంది ఎలా బతికారో ఆయన నేల మీద చాక్‌పీసు గీత గీసినంత స్పష్టంగా చెప్పారు. ఒక మనిషి పక్కకు తిరగడానికి కూడా చాలని పడకను చూపించి, డ్యూటీ దిగినవాడు పడుకోవాలంటే డ్యూటీ ఎక్కేవాడు లేవాలని, మంచినీళ్లు కొలిచి వాడేవారు గనుక స్నానం అన్న మాటే ఉండేది కాదని చెబుతుంటే, స్నానం అంటే పరుగెత్తే మా చిన్నవాడు ఈ ఉద్యోగమే మంచిదన్నాడు. ఆయన చెప్పిన తెలుగు గ్రాంథికమూ కాదు, పొందికైనదీ కాదు. తాను ఎరిగిన పని గురించి చెబుతున్నాడు, అంతే.

తాను ఎరిగినదైతే ఎవరైనా చక్కగా చెప్పగలరనడానికి రుజువు మరో గంటలోనే దొరికింది. టెన్నేటి పార్కు దగ్గర కారు ఆగగానే, అంతవరకు అప్పగింతలు పెడుతున్న మా కుర్రవాడు ఒక్కసారిగా చక్కని తెలుగులోకి వచ్చేశాడు. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీవ్ర వాయుగుండం తీరం దాటినప్పుడు, ‘మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ ఈదురుగాలికి లంగరు నిలవక కొట్టుకొచ్చి సరిగ్గా అక్కడి రాళ్ల మీద ఎక్కింది. అప్పుడు డిగ్రీ చదువుతున్న ఇతను తెల్లవారగానే స్నేహితులతో సైకిళ్ల మీద వచ్చి చూశాడట. ఓడ ఎటు వాలి ఉన్నదీ, జనం ఎక్కడిదాకా నిండిపోయినదీ, పోలీసులు ఎక్కడ తాడు కట్టినదీ, చేతులు తిప్పుతూ పది నిమిషాలు చెప్పాడు. పిల్లలు కదలలేదు. చెప్పే శక్తి లేనివాడు కాదని, చెప్పడానికి తనదంటూ ఏమీ ఇవ్వకుండా పంపించారని నాకు అప్పుడు అర్థమైంది.

రుషికొండ గురించి ఒక్క మాట. శుభ్రమైన, సురక్షితమైన బీచిలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఆ బీచిలో పిల్లలు నీళ్లలోకి దిగుతుంటే మా గైడు ఫోనులో ఉన్నాడు. ఈల ఊది వెనక్కి పిలిచినవాడు లైఫ్‌గార్డు. విశాఖ తీరంలో అల వెనక్కి వెళ్లేటప్పుడు మనిషిని లోపలికి ఈడ్చుకుపోయే ప్రవాహాలు ఉన్నాయని, ఎన్ని ప్రాణాలు పోయాయో మీ పత్రికే ఏటా రాస్తున్నది. డబ్బు తీసుకుని తీరం చూపించేవాడు ముందుగా చెప్పవలసినది ఎక్కడ దిగకూడదో కదా!

అక్కడి నుంచి బయలుదేరి ఒక బొమ్మల దుకాణం దగ్గర ఆగాము. మేము అడగలేదు, కారే ఆగింది. అక్కడ గడిచినది 40 నిమిషాలు. తొట్లకొండ మీద మాకు దక్కినది 20. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు సముద్రం కనబడే ఎత్తున విహారం కట్టుకున్న చోటు అది; 1970ల్లో నౌకాదళం వారి సర్వేలో వెలుగు చూసి, 1988లో తవ్వకాలు మొదలయ్యాక శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ల వెండి నాణేలు కూడా బయటపడిన కొండ. ఇక్కడి రేవులకు ఎంత దూరం నుంచి ఓడలు వచ్చేవో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి తరగతి గది ఉండదు. మా గైడు మాత్రం “ఇది బుద్ధిస్ట్ ప్లేస్, వ్యూ బాగుంటుంది, ఫొటోలు తీసుకోండి” అని ఊరుకున్నాడు. కాపలా మనిషి మమ్మల్ని రాతిలో తొలిచిన నీటి తొట్ల దగ్గరికి తీసుకువెళ్లి, “కొండ మీద నీళ్లేటి దొరుకుతాయి బాబుగారూ, వాన నీరు ఆపుకోడానికి ఇవి తొలిచినారు, అందుకే దీనికి తొట్లకొండని పేరు” అని చెప్పకపోతే, కొండ పేరులోనే ఉన్న సంగతి తెలియకుండానే దిగి వచ్చేవాళ్లం.

కొండ కింద మంగమారిపేట ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణం దగ్గరికి వెళ్లేసరికి సముద్రం పోటు మీద ఉంది. అలలు రాతిని కొట్టి పైకి ఎగురుతున్నాయి, దగ్గరికి పోయే వీలు లేదు. తట్టలో కానాగంత చేపలు పెట్టుకుని కూర్చున్న ఒక ఆవిడ, పొద్దున వచ్చి ఉంటే ఆటులో కింద నుంచి నడిచి చూసేవారని చెప్పింది. తీరం వెంట టూర్ నడిపేవారు ఆటుపోట్ల వేళలు చూసుకోకుండా రోజంతటికీ సమయపట్టిక వేయడం, రైళ్ల వేళలు చూడకుండా స్టేషనుకు బయలుదేరడం లాంటిది. ఆ వేళలు ముందుగానే లెక్కగట్టి ప్రకటిస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు.

నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఎర్రమట్టి దిబ్బల దగ్గర జరిగినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కిన చోటు. అక్కడ మా గైడు పిల్లలతో ఇది అగ్నిపర్వతం వల్ల ఏర్పడిందని, సినిమా షూటింగులు జరిగే స్థలమని చెప్పాడు. నేను ఆగలేక సరిదిద్దవలసి వచ్చింది. మంచుయుగంలో సముద్రమట్టం బాగా దిగిపోయినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తి ఒడ్డున పోగులు పెట్టింది. ఆ ఇసుక రేణువుల మీద కాలక్రమంలో పట్టిన ఇనుము తుప్పు వల్ల దానికి ఆ ఎరుపు వచ్చింది. ఆ పోగులను వేల వర్షాకాలాల నీరు కోసి లోతైన గాడులు చేసింది. పిడికెడు మట్టి తీసి అరచేతిలో నీళ్లు పోసి రుద్దితే వేళ్లకు ఎర్రగా అంటుకుని, అడుగున మామూలు ఇసుక మిగులుతుంది. మనవరాలు నాలుగుసార్లు చేసి చూసింది. ఈలోగా మాతో పాటు వచ్చిన మరో కారు వాళ్ల పిల్లలు గాడి గోడ మీద పుల్లతో పేర్లు చెక్కుతున్నారు, పైనుంచి జారుతున్నారు. గోడ పెళ్లలు పెళ్లలుగా రాలుతున్నది. వాళ్ల గైడూ వద్దనలేదు, మా గైడూ వద్దనలేదు. నేను బడిలో కేకేసినట్టు ఒక కేక వేశాను, ఆ తల్లిదండ్రులు నా వైపు కోపంగా చూశారు. గాలి మోసిన ఇసుక అది, గట్టి రాయి కాదు. ఒకసారి రాలినది మళ్లీ కూడదు. పేర్లు చెక్కకూడదని కారులో ఉండగానే ఒక్క మాట చెప్పి ఉంటే చాలేది.

భీమిలి చేరేసరికి పొద్దు గూకింది. 17వ శతాబ్దంలో డచ్చివారు వ్యాపారానికి దిగి, 1825లో ఇంగ్లీషువారికి వదిలి వెళ్లిన రేవు, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివారి సమాధుల మీద చెక్కిన అక్షరాలు పిల్లలకు చూపించాలని నా కోరిక. “అక్కడ ఏమీ లేదు సార్, సమాధులే” అన్నాడు మా కుర్రవాడు. చీకటిపడింది గనుక వాదించలేదు. గోస్తని సముద్రంలో కలిసే చోట బజ్జీలు తిని వెనక్కి తిరిగాము. టికెట్లు, పార్కింగు, డ్రైవరు భోజనం విడిగా అన్న సంగతి దిగేటప్పుడు తెలిసింది.

తిరుగు దారిలో ముందు సీట్లో అతని పక్కన కూర్చుని అడిగితే, సంస్థవారు ఇచ్చిన రెండు కాగితాలు జేబులో నుంచి తీసి చూపించాడు. ఇంగ్లీషులో ఉన్నాయి, మడతల దగ్గర చిరిగిపోయాయి. డచ్చి సమాధుల గురించి అందులో లేదు. ఆటుపోట్లు లేవు, తొట్లు లేవు. రోజుకు అతనికి ముట్టేది 700 రూపాయలు. నేను ఇచ్చిన 6,500లో కారు ఖర్చు పోను మిగిలినది ఎటు పోయిందో లెక్క వేయడం నా పని కాదు. తెలుగులో ఎందుకు చెప్పవు నాయనా అంటే, తెలుగులో నేర్పినవారు ఎవరూ లేరు మాస్టారూ అన్నాడు. జాలరిపేట కుర్రవాడట. వాళ్ల నాన్న ఇప్పటికీ వేటకు వెళతాడట. యారాడ కొండ పేరు అతనికి తెలియక కాదు, కాగితంలో లేదు గనుక చెప్పలేదు.

కేంద్ర పర్యాటక శాఖ శిక్షణ పొందిన గైడ్లకు గుర్తింపు ఇస్తున్నది. అయితే ఫోనులో కారు మాట్లాడుకునే సామాన్య కుటుంబానికి, వచ్చేవాడికి అలాంటి శిక్షణ ఉందో లేదో తెలుసుకునే దారి కావాలి. గైడు ఏ భాషలో చెబుతాడు, ఏ చోట ఎంతసేపు ఆగుతారు, టికెట్లు కలిపా విడిగానా అన్నవి రసీదు మీద రాసి ఇవ్వాలన్న నిబంధన ఒక్కటి పెట్టినా సగం తగువులు పోతాయి. ఇక నేర్పడం సంగతి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ తీరం మీదే ఉంది. దిబ్బల గురించి చెప్పగల భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు, తొట్లకొండ గురించి చెప్పగల చరిత్ర అధ్యాపకులు అక్కడ ఉన్నారు. కుర్సురాలో నౌకాదళంవారు పాటిస్తున్న పద్ధతినే ఒడ్డు పొడవునా పాటిస్తే చాలు: ఏ చోటు ఎవరి బతుకుతో ముడిపడి ఉందో ఆ చోటు గురించి వారి చేతనే చెప్పించడం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల మీద వేట నిషేధం. బడులకు వేసవి సెలవులు వచ్చి విశాఖ తీరం కిటకిటలాడేది కూడా అప్పుడే. జాలరిపేట, మంగమారిపేట, భీమిలి పల్లెల్లో పదో తరగతి, డిగ్రీ చదివి ఆ రెండు నెలలూ పడవ ఎక్కడానికి లేని యువకులను ఎంపిక చేసి, మార్చిలోగా పదిరోజుల తెలుగు శిక్షణ ఇచ్చి, మెడలో గుర్తింపు కార్డు వేసి పంపించే పని ఈ వేసవికే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం