గుడ్డు తినని వారికి రెండో కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు?

సంపాదకులకు నమస్కారాలు.

రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేయించుకున్న మా అన్నగారు రోజూ అటార్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. చెడు కొలెస్ట్రాల్ అని చెప్పుకొనే ఎల్‌డీఎల్ 168 నుంచి 88కి దిగింది. స్టెంట్ పడినవారికి అది 70 లోపే ఉండాలంటూ డాక్టరుగారు ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాముల మాత్రను కూడా చీటీలో చేర్చారు. అది పేగులో కొలెస్ట్రాల్‌ను ఆపే మాత్ర అని మందుల షాపులో చెప్పారట. "గుడ్డు కూడా ముట్టని నాకు పేగులో ఆపడానికి ఏముంది?" అని అన్న ఆ షీటును విప్పకుండానే అల్మరాలో పెట్టేశారు. మూడు నెలల తర్వాత చేయించిన పరీక్షలో ఎల్‌డీఎల్ 88 దగ్గరే ఉంది. ఇలా మానేసినవారు అనంతపురంలో నాకు తెలిసే మరో ఇద్దరున్నారు, అందుకే ఈ లేఖ.

అన్న అడిగినది న్యాయమైన ప్రశ్నే, కానీ దానికి జవాబు తిండిలో లేదు, పైత్యరసంలో ఉంది. మన శరీరం రోజుకు 800 నుంచి 1000 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్‌ను తానే తయారుచేసుకుంటుంది. కాలేయం పైత్యరసంతో పాటు రోజుకు సుమారు ఒక గ్రాము కొలెస్ట్రాల్‌ను పేగులోకి వదులుతుంది. ఒక గుడ్డులో ఉండేది 200 మిల్లీగ్రాముల లోపే కనుక, పూర్తి శాకాహారి పేగులోకి కూడా ఐదు గుడ్ల పాటి కొలెస్ట్రాల్ రోజూ దిగుతూనే ఉంటుంది. అందులో ఇంచుమించు సగాన్ని పేగు గోడ తిరిగి పీల్చుకుంటుంది. ఆ పీల్చుకొనే పని చేసే ఎన్‌పీసీ1ఎల్1 అనే ప్రోటీన్‌కు ఎజెటిమైబ్ అడ్డుపడుతుంది.

అన్న ముందునుంచీ వాడుతున్న అటార్వాస్టాటిన్ వంటి స్టాటిన్ మందుల పని వేరు. అది కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీకి కీలకమైన ఎంజైమును అణచివేస్తుంది. సరుకు తగ్గిన కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. అయితే తయారీ తగ్గిన శరీరం పేగు నుంచి మునుపటి కన్నా ఎక్కువగా పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ఈ సంగతి ఎలా తెలిసిందో వేరుశనగ పండించే మన జిల్లావారు వినదగినది. వేరుశనగ నూనెలో సైటోస్టెరాల్, కాంపెస్టెరాల్ వంటి మొక్కల స్టెరాల్స్ (కొలెస్ట్రాల్‌ను పోలిన పదార్థాలు) ఉంటాయి. వీటిని మన శరీరం తయారుచేయలేదు. తిన్నవాటిలోనూ చాలావరకు పేగు కణాలే వెనక్కి నెట్టేస్తాయి. కాబట్టి రక్తంలో కనబడే ఆ కాస్తా పేగు దారిన వచ్చినదే. స్టాటిన్ వాడేవారి రక్తంలో కొలెస్ట్రాల్‌తో పోల్చి చూస్తే వీటి పాలు పెరుగుతుంది, అంటే పేగు పీల్చుకోవడం పెరిగిందన్నమాట. శరీరం కొలెస్ట్రాల్‌ను తయారుచేసే క్రమంలో పుట్టే లాథోస్టెరాల్ తగ్గుతుంది, అంటే తయారీ తగ్గిందన్నమాట. ఎజెటిమైబ్ ఒక్కటే వాడితే దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది: పీల్చుకోవడం తగ్గి, తయారీ పెరుగుతుంది. అందుకే రెండు మాత్రలూ కలిపి ఇస్తారు: ఒకటి తయారీని, మరొకటి పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది.

స్టాటిన్ మోతాదును రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. అదే ఎజెటిమైబ్ తోడైతే ఉన్నదానిలో ఐదో వంతుకు పైగా తగ్గుతుంది. గుండెజబ్బు బారిన పడిన 18 వేల మందికి పైగా రోగులపై జరిపి 2015లో ప్రచురించిన ఇంప్రూవ్-ఇట్ పరిశోధనలో, సిమ్వాస్టాటిన్ అనే మరో స్టాటిన్‌కు ఎజెటిమైబ్ జోడించి ఇచ్చినవారిలో గుండెపోటు, పక్షవాతం కొంత తగ్గాయి. ఆ తేడా పెద్దది కాకపోయినా నమ్మదగినది. రెండో మాత్ర రాశారంటే జబ్బు ముదిరిందని బెంగపడనక్కరలేదు.

ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి చూపించాక అన్న ఆ షీటు విప్పారు. మొన్నటి రిపోర్టులో ఎల్‌డీఎల్ 67. డాక్టర్లకు రోజంతా రోగుల తాకిడే అని నాకు తెలుసు. అయినా ఎజెటిమైబ్ రాసినప్పుడు చీటీ కింద "ఇది మీ పైత్యరసంలోని కొలెస్ట్రాల్‌ను కూడా ఆపుతుంది, శాకాహారులూ వాడాలి" అని తెలుగులో ఒక్క వాక్యం రాసివ్వవలసిందిగా జిల్లాలోని వైద్యులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
అనంతపురం.