ఆయిలు గేజి బిగించి చూడమనడం తప్పు

సంపాదకుల వారికి,

మొన్న ఆదివారం మీ పత్రికలో సెకండ్ హ్యాండ్ జనరేటరు కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలో అర పేజీ వేశారు. కేవీఏ (సెట్టు ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) లెక్క బాగుంది, ఒరిజినల్ బిల్లు అడగమనడమూ మంచిదే. ఆయిలు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం రాశారు. "గేజిని పూర్తిగా బిగించి, తీసి, మట్టం చూసుకోవాలి" అని. గేజి అంటే ఆయిలు మూతకు ఉండే కొలత పుల్ల. దాన్ని బిగించి చూడడం చాలా జనరేటరు సెట్లకు తప్పు. సవరించమని అడగడానికే ఈ ఉత్తరం.

మాది చిత్తూరు గిరింపేట. మైకుసెట్టు, లైటింగు, షామియానాల పని. బాక్సులు, మిక్సరు మా ఆయన చూసుకుంటారు, లెక్కలూ జనరేటర్లూ నావి. మా మామ పోయినప్పటి నుంచి ఇంతే. పెనుమూరు, ఐరాల, తవణంపల్లె వైపు పల్లెల్లో మహాభారతం పెడితే పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. దుశ్శాసనుడు చీర పట్టుకునే వేళకు కరెంటు పోయిందంటే కమిటీ వాళ్లు నాటకం వాళ్లనేమీ అనరు, మా మీదికి వస్తారు. అందుకని సెట్లు కొనడం, అమ్మడం, విప్పి చూడడం మా ఇంట్లో రోజూ నడిచే పని. ఈ మధ్య కమిటీలే చందా డబ్బులతో పాత సెట్టు కొనేస్తున్నాయి. పాడి పెట్టుకున్నవాళ్లు పాలు పిండే మిషనుకని కొంటున్నారు. మీ వ్యాసం చదివేది ముఖ్యంగా వాళ్లే.

తప్పెందుకో చెబుతాను. చిన్న పెట్రోలు జనరేటర్లకు ఉండే హోండా జీఎక్స్ రకం ఇంజన్లలో, వాటి పోలికతో వచ్చే చాలా ఇంజన్లలో, గేజి తుడిచి, రంధ్రంలో ఊరికే ఆనించి తీయాలి. మర తిప్పకూడదు. కంపెనీ బుక్కులోనే ఉంటుంది ఆ మాట. బిగిస్తే ఆ మర పొడుగంతా పుల్ల ఇంకా కిందికి దిగుతుంది, ఆయిలు తక్కువున్నా పై గీత దాకా తడి కనిపిస్తుంది. చూసినాయన నిండుగా ఉందనుకుని తాడు లాగుతాడు. బిగించే చూడాల్సిన ఇంజన్లు కూడా కొన్ని ఉన్నాయి, కాదనను. అందుకే ఏ ఇంజనుకు దాని బుక్కు చూడాలి. బుక్కు లేకపోతే సెట్టును చదునైన నేల మీద పెట్టి మూత తీయండి. జీఎక్స్ రకాల్లో ఆయిలు ఆ రంధ్రం అంచు దాకా కనిపించాలి, అదే దానికి పై మట్టం. అమ్మేచోట సెట్టు ఎప్పుడూ ఏ చెక్క మీదో ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ముందు దాన్ని సరిగ్గా పెట్టించండి.

కొంచెం తగ్గితే ఏమవుతుందిలే అంటారు. ఈ ఇంజన్లకు పట్టేదే కొంచెం. జీఎక్స్ 160కి పోసేది సుమారు 600 మిల్లీలీటర్లు. అందులో 100 తగ్గితే ఆరో వంతు పోయినట్టే. పెద్దదైన జీఎక్స్ 390కి కూడా లీటరూ చిల్లరే, చిన్న ఇన్వర్టరు జనరేటర్లకైతే అర లీటరు కూడా పట్టదు. కారులో ఉన్నట్టు ఆయిలు పంపూ ఉండదు, ఫిల్టరూ ఉండదు. కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటెలాంటి ముక్క ఉంటుంది. నిమిషానికి 3000 సార్లు ఆయిల్లో మునిగి పైకి చిమ్ముతుంది. ఆ చిమ్మిందే పిస్టనుకూ, అది ఆడే గొట్టం బోరుకూ దిక్కు. మట్టం తగ్గితే దానికి ఆయిలు అందదు. రాడ్డు అల్యూమినియంది, క్రాంకు అనే ఇరుసు మీద నేరుగా తిరుగుతుంది, మధ్యలో బేరింగు లేదు. పట్టేసిందంటే రాడ్డు విరిగి ఇంజను గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. అట్లాంటి ఇంజను గోడ మా షెడ్డులో ఒకటుంది, కొత్తగా పనికొచ్చిన పిల్లోళ్లకు చూపించడానికి పెట్టుకున్నాను.

మీరు రాసిన ఇంకో మాట, "ఒక్క లాగుకే స్టార్టు కావాలి" అన్నది. వెచ్చగా ఉంటే అరిగిన ఇంజను కూడా చాలాసార్లు ఒక్క లాగుకే స్టార్టవుతుంది. అమ్మేవాళ్లకు ఇది తెలుసు, మనం వచ్చే అరగంట ముందు నడిపి ఉంచుతారు. పోయిన వెంటనే సిలిండరు రెక్కల మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే టీ తాగి వస్తామని చెప్పి, చల్లారాక రండి.

ఇక ఆయిలు రంగు. నల్లగా ఉంటే భయపడతారు జనం, తేనె రంగులో ఉంటే సంతోషపడతారు. నాకు తేనె రంగు చూస్తేనే అనుమానం. పదేళ్ల సెట్టులో ఆయిలు పొద్దున పోసినట్టు ఉందంటే పొద్దునే పోశారని అర్థం. పోయిన వేసవిలో మా మరిది ఒక సెట్టు బేరానికి నన్ను తీసుకుపోయాడు. అది వేలూరు వైపు నుంచి వచ్చిన సరుకు. "కొత్తాయిలు పోసిండాను అక్కా, నువ్వు గేజి తియ్యాల్సిన పనే లేదు" అన్నాడు అమ్మేవాడు. తీశాను. వేళ్ల మధ్య రుద్దితే జిగటగా సాగింది. ఇంజనాయిలు కాదది, 90 గేరాయిలు. అరిగిన పిస్టను రింగుల పొగ, రాడ్డు చప్పుడు కాసేపు కనపడకుండా వినపడకుండా ఉంచడానికి అది పోస్తారు. "వదినా, పోదాం పా" అన్నాడు మరిది. నేనింకా మాట్లాడేదాన్నే.

అందుకే నేను చేసేది ఇది. ఇస్త్రీపెట్టె ఒకటి, 500 వాట్ల ఫోకస్ లైటు ఒకటి వెంట తీసుకుపోతాను. రెండూ తగిలించి పావుగంటైనా తిప్పిస్తాను. లోడు లేకుండా ఉత్తగా తిరిగే సెట్టు పాట పాడినట్టే ఉంటుంది, ఇస్త్రీపెట్టె తగిలిస్తే నిజం చెబుతుంది. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తూనే ఉంటే ఆయిలు కాలుతోంది. బాగున్న ఇంజనులో కూడా ఆయిలు ఎక్కువ పోస్తే పొగ వస్తుంది, ఎయిర్ ఫిల్టరు స్పాంజి ఆయిలుతో తడుస్తుంది. అందుకని మట్టం చూశాకే పొగ మీద తీర్పు చెప్పాలి. షట్టరు సగం దించి షాపు లోపలే స్టార్టు చేస్తానంటే మాత్రం బయటికి వచ్చేయండి. ఆ పొగలో వాసన లేని విషం ఉంది.

ఆపిన తర్వాత, వెచ్చగా ఉండగానే, అడుగు బోల్టు విప్పి ఆయిలును స్టీలు పళ్లెంలోకి దించమంటాను. సగం మంది అమ్మకందార్లు ఇక్కడే ముఖం చిట్లిస్తారు. కొత్తాయిలు డబ్బులు నేనే ఇస్తానంటే ఒప్పుకుంటారు. పళ్లేన్ని ఎండలో పెట్టి అటూ ఇటూ వంచితే వెండి రజను మెరుస్తుందేమో తెలుస్తుంది. పాడైన స్పీకరు అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి అందులో తిప్పుతాను. కవరుకు అంటుకుంటే ఇనుము, రింగులో గేర్లో అరిగినట్టు. మెరుస్తూనే ఉండి అంటుకోకపోతే అల్యూమినియం, అంటే రాడ్డుకో పిస్టనుకో దెబ్బ. ఆ సెట్టు నాకు వద్దు, ఎంత తగ్గించినా. ఆయిలు మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎట్లా మునిగాయో అందరం చూశాం. అప్పుడు నానిన సెట్లన్నీ పాత ఇనుముకే పోయాయంటే నేను నమ్మను. పెట్రోలు వాసన కొడుతూ పలచగా, మట్టం ఎక్కువగా ఉంటే కార్బొరేటరులో పెట్రోలును ఆపే సూది సరిగా మూసుకోవడం లేదు, లేదా పెట్రోలు ట్యాపు కట్టకుండా టాటా ఏస్‌లో కుదుపుకుంటూ తెచ్చారు. ఇది చిన్న రిపేరే, బేరంలో తగ్గించి కొనవచ్చు. పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌కు మార్చే పాత రకాలుంటాయి చూడండి, వాటిలో ఆయిలు పలచబడడం ఇంకా ఎక్కువ.

ఇవన్నీ ఒక ఎత్తు, సెన్సరు ఒక ఎత్తు. మీ వ్యాసంలో దీని ఊసే లేదు. చాలా సెట్లలో ఆయిలు తగ్గితే ఇంజను తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఇంజను అడుగున ఒక తేలే బిళ్ల ఉంటుంది, ఆయిలు తగ్గితే అదీ దిగి ప్లగ్గుకు కరెంటు రాకుండా చేస్తుంది. నాటకం మధ్యలో సెట్టు ఆగి, ఎంత లాగినా రాకపోతే కంగారులో ఎవరో ఒకరు ఆ వైరు పీకేస్తారు. టక్కున స్టార్టవుతుంది. "భలే పట్టుకున్నావు మామా" అని మెచ్చుకుంటారు కూడా. ఆ వైరు మళ్లీ ఎవరూ తగిలించరు. తర్వాత సెట్టు చేతులు మారుతుంది, కొన్నవాడు సెన్సరు ఉందిలే అన్న ధైర్యంతో గేజి చూడడం మానేస్తాడు. పాత సెట్లు పట్టేయడానికి నా లెక్కలో మొదటి కారణం ఇదే. హోండా ఇంజన్లలో అది పసుపు వైరు, ఇంజను అడుగు భాగం నుంచి బయటికి వస్తుంది. దాని కనెక్షను ఉందా, కత్తిరించి టేపు చుట్టారా, వంగి చూడండి. ఆయిలు దించినప్పుడు ఆ వైరు విడదీసి, మల్టీమీటరు ఒక కొన వైరుకు, ఇంకో కొన ఇంజనుకు పెడితే బీప్ రావాలి. ఆయిలు నింపాక రాకూడదు. రెండుసార్లూ ఒకేలా ఉంటే సెన్సరు పోయింది. పోయినా కొనవచ్చు, కానీ పోయిందని తెలిసి కొనాలి.

కొన్నాక పాత ఆయిలు చరిత్ర ఎవరికీ తెలియదు కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే మార్చేయండి. బుక్కులో ఎక్కువగా రాసేది 10డబ్ల్యూ-30 గ్రేడు ఇంజనాయిలు. మన ఎండలకు 30 నంబరు ఒంటి గ్రేడు కూడా చాలా బుక్కులు ఒప్పుకుంటాయి. టూటీ ఆయిలు మాత్రం ఇందులో పోయకూడదు. అది పెట్రోల్లో కలిపే చిన్న టూ స్ట్రోకు సెట్లది, వాటికి గేజే ఉండదు. ఆ తర్వాత 100 గంటలకో, 6 నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. రాత్రికి 8 గంటల చొప్పున 12 రాత్రులు తిరిగితేనే 96 గంటలు. అంటే 18 రోజుల మహాభారతానికి మధ్యలో ఒకసారి మార్చుకోవాల్సి రావచ్చు. కమిటీ వాళ్లకు ఇది చెబితే "కొన్నప్పుడు పోసినాం కదమ్మా" అంటారు. దించిన ఆయిలును కాలవలోకి వదలకండి, చివరికది నీవా నదిలోకే చేరుతుంది. పాత ఆయిలు పట్టుకుపోయేవాళ్లు వర్క్‌షాపుల దగ్గరికి వస్తారు, డబ్బాలో పోసి అక్కడ ఇవ్వండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. బిల్లు మీద ఇంజను నంబరు ఎట్లాగూ రాస్తున్నారు. దాని కింద ఏ గ్రేడు ఆయిలు పోశారో, ఏ తేదీన పోశారో, సెన్సరు పని చేస్తుందో లేదో రాసి సంతకం పెడితే చాలు. నేను అమ్మిన సెట్లకు అట్లాగే రాసిస్తున్నాను. దానివల్ల బేరం పోయిందీ ఉంది, ఊరు దాటి వెతుక్కుంటూ వచ్చిందీ ఉంది.

సంపాదకుల వారూ, సవరణ వేస్తే అదే ఆదివారం పేజీలో వేయండి. జిల్లా పేజీలో వేస్తే మదనపల్లె, పుంగనూరు వైపు వెళ్లే ఎడిషనులో రాదు, మీ వ్యాసం మాత్రం అక్కడా వచ్చింది. గేజి బొమ్మ కూడా వేయగలిగితే, మర పైన ఆనించినట్టు వేయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గిరింపేట, చిత్తూరు