ఈ వారం చదివేది: నొజాకి
అందరికీ నమస్తే. ఈ వారం చదువుదామన్న మాంగా (జపాన్ కామిక్) ‘గెక్కాన్ షోజో నొజాకి-కున్’. ఇజుమి త్సుబాకి 2011లో మొదలుపెట్టారు, నాలుగు గళ్ల బొమ్మల కథ. పొట్టి పిల్ల చియో తనకి నచ్చిన నొజాకికి ప్రేమ చెప్పబోయి, నోరు తడబడి ‘నేను మీ ఫ్యాన్‌ని’ అనేస్తుంది. నొజాకి సంతకం చేసి చేతిలో పెడతాడు! ఆ మొద్దబ్బాయి రహస్యంగా అమ్మాయిల ప్రేమ మాంగాలు గీస్తాడు మరి. ఎప్పుడూ మీతోనే ఉండాలని ఉందని చియో అంటే ఇంటికి పిలిచి, బొమ్మల్లో నల్లరంగు నింపే పని అప్పజెప్తాడు. పాపం, గంటలకొద్దీ నింపుతుంది కూడా.

నాకు పొట్ట చెక్కలైంది మాత్రం సైకిల్ దగ్గర. జపాన్‌లో మామూలు సైకిల్ మీద డబుల్స్ నిషేధం కదా, అందుకని ఇద్దరు తొక్కే సైకిల్ తెస్తాడు. రొమాన్స్ గోవిందా!

ముందే చదివినవాళ్లు తర్వాతి జోకులు ఇక్కడ పెట్టకండి, ప్లీజ్.